ఆరేళ్లు వాడాక మా పూజ మందిరం

2019లో హైదరాబాద్‌లో మేం కొన్న ఫ్లాటులో విడిగా పూజ గది లేదు. హాల్లో ఈశాన్యం మూల నాలుగడుగుల వెడల్పున టేకు మందిరం చేయించాం. దేవుళ్లు పడమటి వైపు చూస్తారు, మేం తూర్పుకు తిరిగి కూర్చుంటాం. ఖర్చు అనుకున్నదానికి రెట్టింపయింది. అందులో సగం దండగేనని ఇప్పుడు చెప్పగలను.

ముందుగా తెల్ల పాలరాయి. వద్దని మా అత్తగారు అన్నా వినలేదు. మొదటి శ్రావణ శుక్రవారానికే పసుపు మరక పడింది. కుందుల కింద నూనె ఇంకి గుండ్రంగా మచ్చలు కట్టింది. చెంబుకు అంటుకున్న చింతపండు పులుసు ఒలికిన చోట నునుపు పోయి గరుకుదేలింది. పులుపు పాలరాయిని తినేస్తుందని అప్పుడు తెలియదు. మూడో ఏట తీయించి నల్ల గ్రానైట్ వేయించాం. దాని మీద బియ్యప్పిండి ముగ్గు ఎంత తేటగా కనిపిస్తుందో!

విగ్రహాల వెనక అమర్చిన ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) జాలీ అభిషేకం నీళ్లు తగిలి అడుగున ఉబ్బిపోయింది. టేకు తలుపులు మాత్రం చెక్కుచెదరలేదు. వాటికున్న చిరుగంటలను పాప పుట్టాక తీసేశాం. తెల్లవారుజామున తలుపు తీస్తే చాలు, ఇల్లంతా లేచేది.

మేం అడగకుండానే వడ్రంగి పెట్టిన పలక ఒకటుంది. సొరుగులా బయటికి లాగి, దాని మీద దీపం పెడతాం. కార్తీకమంతా రెండు పూటలా వెలిగించినా మందిరం పైకప్పుకు మసి అంటలేదు. దీపం లోపలే పెట్టే మా పై అంతస్తు వాళ్లకు ఏడాదికే పైపలక నల్లబడింది. ఖర్చు పెట్టిన వాటిలో నేను మనసారా మెచ్చుకునేది ఈ పలకనే. కింది సొరుగుల్లో వత్తులు, అగరుబత్తీలు, కుంకుమ భరిణె పట్టేస్తాయి. కర్పూరానికి మాత్రం బిగుతు మూత డబ్బా ఉండాలి. హారతి కర్పూరంలా హరించుకుపోవడం అనే మాట ఊరికే పుట్టలేదు.

పీఠం ఎత్తు నేల మీద కూర్చునేవారికి సరిపోయేలా అడుగే పెట్టించాం. ఇప్పుడు అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కుర్చీలో కూర్చుని, అక్షింతలు వేయడానికి వంగలేక, పాప చేత వేయిస్తున్నారు.

పాలవెల్లి కట్టడానికి పైన కొక్కెం పెట్టించడం అప్పుడు ఎవరికీ తోచలేదు. ఏటా వినాయక చవితికి కర్టెన్ కమ్మీకే కడుతున్నాం. వెలక్కాయ బరువుకు అది ఓ పక్కకు ఒరుగుతూనే ఉంటుంది.