అల్లపల్లి నుంచి మేంఢా దాకా: అడవి మళ్లీ లేచే చోట్లు, దారి, బస, జాగ్రత్తలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు అడవి పునరుద్ధరణ చూడటానికి వచ్చేవాళ్లు ముందుగా కొత్తగా మొక్కలు నాటిన చోటికే పోతారు. అక్కడ మోకాలెత్తు టేకు మొక్కలు, చుట్టూ కంచె తప్ప ఇంకేం కనిపించవు. గంటలో తిరిగొస్తారు. ముందు చూడాల్సింది నరకని అడవిని. అడవి ఎట్లా ఉండేదో కళ్లారా చూడకపోతే, ఎంత తిరిగొచ్చిందో, ఎంత రాలేదో తేల్చలేం.

ఆ నరకని అడవి అల్లపల్లి నుంచి భామ్రాగఢ్ పోయే రోడ్డు మీద, సుమారు 16 కిలోమీటర్ల దగ్గర ఉంది. పేరు 'గ్లోరీ ఆఫ్ అల్లపల్లి'. విస్తీర్ణం 6 హెక్టార్లే. 1953 నుంచి దాన్ని సహజంగా ఉండనిచ్చారు. 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, మహారాష్ట్రలో ఆ గుర్తింపు పొందిన మొదటి చోటు ఇదే. ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లకు పావుగంట చాలు. చూడటం తెలిసినవాళ్లకు పూట చాలదు.

చూసే పద్ధతి ఇది. 40 మీటర్ల తాడు తీసుకుని పది మీటర్లకో ముడి వేయండి. దాన్ని నేల మీద నాలుగు వైపులా పరిస్తే 10 మీటర్ల చదరం వస్తుంది. అందులో ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, 30 సెంటీమీటర్లు దాటిన చుట్టుకొలత ఉన్న చెట్లన్నీ లెక్కపెట్టి, జాతుల పేర్లు రాసుకోండి. ఓ మూల 1 మీటరు చదరంలో మొలకలు విడిగా లెక్కపెట్టండి. ఇదే కొలత తర్వాత ప్లాంటేషన్‌లోనూ, అంటే మొక్కలు నాటి పెంచిన చోటా, తీయండి. ఈ ప్రాంతపు మిశ్రమ అడవిలో టేకుతోపాటు నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు కలిసి పెరుగుతాయి. పెద్ద చెట్టు, దాని కింద నడి వయసుది, నేల మీద మొలక, మూడూ ఒక్కచోట దొరకాలి. ప్లాంటేషన్‌లో ఒకే వయసు, ఒకే జాతి ఉంటే, పచ్చగా ఉన్నా అది ఇంకా తోటే, అడవి కాలేదు.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్లు టేకాకులు జల్లెడలా మారి, కొండంతా ఎండినట్టు ఉండటం చూసి చెట్లు చచ్చిపోయాయనుకుంటారు. అది ఆకుజల్లెడ పురుగు పని. ఈనెలు వదిలేసి పచ్చదనం మాత్రం తింటుంది. పెద్ద చెట్టు దీనికి చావదు, పెరుగుదల తగ్గుతుంది.

నర్సరీ చూడటానికి అనుమతి దొరికితే టేకు 'స్టంపు' ఎట్లా కోస్తారో అడిగి చూడండి. ఏడాది మొక్కను పీకి, కాండం రెండు మూడు సెంటీమీటర్లు, తల్లివేరు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంచి మిగతాది కోసేస్తారు. బొటనవేలంత లావుంటే తొందరగా లేస్తుంది. తొలకరి తర్వాత నేల బాగా నానాకే నాటాలి. ఒక్క వానకే తొందరపడి నాటితే, తర్వాత వానలు ఆగిన రోజుల్లో వేరు ఎండిపోతుంది. టేకు కాయ కూడా నేరుగా మొలవదు. కొన్ని రోజులపాటు మార్చి మార్చి నానబెట్టి ఆరబెడితేనే పెంకు మెత్తబడుతుంది. ఇప్ప గింజ దీనికి పూర్తిగా వేరు, ఆలస్యమైతే మొలకెత్తే శక్తే పోతుంది. ఎన్ని మొక్కలు పెంచారని అడిగితే లాభం లేదు. ఎన్ని జాతుల గింజ సేకరించారు, ఎన్నిరోజుల్లో వేశారు అని అడగండి.

మొక్కను ఎక్కువగా చంపేవాటిలో మంట ఒకటి. ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య దాకా మంటల కాలం. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, తునికాకు లేతగా చిగురించాలని ఇంకొంతమంది నిప్పు పెడతారు. చెట్ల మొదళ్ల మీద నల్లమచ్చ ఏ ఎత్తుదాకా ఉందో, ఒకే వైపు ఉందో చుట్టూ ఉందో చూడండి. మొలకలు ఏటా కాలి మళ్లీ చిగురిస్తుంటే, వేరు లావుగా ఉండి పైన మాత్రం జానెడే ఉంటుంది. అలాంటి చోట కొత్తగా నాటడం డబ్బు దండగ. మూడు నాలుగేళ్లు మంటనూ పశువులనూ ఆపితే ఆ వేళ్లే చెట్లవుతాయి.

మేంఢా (లేఖా) చూడకపోతే యాత్ర సగమే. గడ్చిరోలి పట్టణానికి సుమారు 30 కిలోమీటర్లు, ధానోరా వైపు. 'దిల్లీ, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు' అన్న గోండు గ్రామం ఇది. సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు 2009లో వచ్చింది. 2011 నుంచి వెదురు తామే అమ్ముకున్నారు. పొదల్లోకి వంగి కోత గమనించండి. బొంగును నేలకు 15–30 సెంటీమీటర్ల ఎత్తున, కణుపుకు కొంచెం పైన కోయాలి. కణుపుల నడుమ కోస్తే గొట్టంలో నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. రెండేళ్లలోపు బొంగు ముట్టకూడదు. పొదకు కనీసం ఎనిమిది మిగలాలి. వానాకాలంలో కొత్త కొమ్ములు లేస్తాయి కాబట్టి కోత పూర్తిగా ఆపాలి. బయటివైపు కోసుకుపోతే పని తేలిక, కానీ పొద చచ్చేది అక్కడినుంచే. గ్రామసభను ముందుగా అడగకుండా ఊళ్లోకి పోవద్దు. వాళ్ల సమయానికి విలువ కట్టి, అక్కడి రుసుము ఎంతో అడిగి ఇవ్వడం మర్యాద.

దారి: కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడి నుంచి అల్లపల్లికి సుమారు వంద కిలోమీటర్లు. అడవి దారి అందంగానే ఉంటుంది కానీ రోడ్డు దెబ్బతిన్నప్పుడు నాలుగు గంటలు పడుతుంది. కాగజ్‌నగర్ వైపు వాళ్లకు గూడెం దగ్గర ప్రాణహిత వంతెన దాటి అహేరి చేరడం దగ్గర. రైల్లో వచ్చేవాళ్లు బల్లార్షాలో దిగాలి. సిరొంచ, అహేరి, అల్లపల్లిలో తెలుగు చెల్లుతుంది. భామ్రాగఢ్ వైపు మాడియా గోండి, మరాఠీ తెలిసినవాళ్లు వెంట ఉండాలి.

బసకు అల్లపల్లే మేలు, అటవీ డివిజన్ కార్యాలయం అక్కడే కాబట్టి. విశ్రాంతి గృహం కావాలంటే రెండు వారాల ముందు పేర్లు, గుర్తింపు కార్డులు, బండి నంబరు, తేదీలు, వచ్చే పని రాసి ఉత్తరం పెట్టండి. అధికారులు వస్తే గది రద్దవుతుంది, కాబట్టి ప్రైవేటు లాడ్జి నంబరు ఒకటి చేతిలో ఉంచుకోండి. సౌకర్యం ఆశించొద్దు, శుభ్రమైన దుప్పటి, దోమతెర మీ వెంటే తెచ్చుకోండి. మలేరియా ఉన్న జిల్లా, వెళ్లేముందు డాక్టరును అడగండి. భామ్రాగఢ్ దగ్గరి హేమల్కసలో 1973లో మొదలైన, ఆదివాసీలకు ఆసుపత్రి, బడి నడిపే లోక్ బిరాదరీ ప్రకల్ప్ చూడాలనుకుంటే బస సంగతి ముందే ఫోన్‌లో ఖాయం చేసుకోవాలి. చెప్పకుండా పోయి ఆసుపత్రి, బడి పనులకు అడ్డం పడటం తప్పు. కమలాపూర్ ఏనుగుల శిబిరం సిరొంచ–అల్లపల్లి దారి నుంచి కాస్త పక్కకు ఉంది, కానీ జనవరిలో ఏనుగులకు కాళ్ల వైద్యం చేసే పది రోజులు మూసి ఉంటుంది, తేదీలు అడిగి పోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా భామ్రాగఢ్ దగ్గర పర్లకోట నది వంతెన మునుగుతుంది, ఒక్కోసారి రోజులపాటు దారి తెగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా వస్తే నేల కనిపిస్తుంది, జాతులు గుర్తుపట్టడానికి ఆకులూ ఉంటాయి. పులి తిరిగే అడవి ఇది, 2021 నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన అడవి ఏనుగులూ ఉన్నాయి. వనరక్షకుడు లేకుండా రోడ్డు దిగొద్దు, పొద్దు వాలకముందే బస చేరండి. పెట్రోలు, డబ్బు అల్లపల్లిలోనే సరిచూసుకోండి, ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేం.