ఇంట్లో చదివే పిల్లకి ఓపెన్ స్కూల్ టెన్త్

మా పెద్దదాన్ని ఆరో తరగతి నుంచి ఇంట్లోనే చదివిస్తున్నాం. "మరి టెన్త్ సర్టిఫికెట్ ఎట్లా?" అని మా అత్తగారు ఒకటే పోరు. ఎన్ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ జాతీయ ఓపెన్ స్కూల్) చేర్చాక ఆ టెన్షన్ పోయింది. 14 ఏళ్లు నిండితే చాలు. ఒక భాష ఉండాలి, మిగతా సబ్జెక్టులు మన ఇష్టం. మా పిల్ల లెక్కలు వదిలేసి పెయింటింగ్ తీసుకుంది (వాళ్ల నాన్న ఇంకా అలక దిగలేదు). ఏప్రిల్‌లో రెండే రాసింది, మిగతా మూడు అక్టోబర్‌లో. హడావుడి లేదు. అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులు, అశ్రద్ధ చేయకండి. చేత్తో రాసి, స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. మా వీధి నెట్ సెంటర్ కుర్రాడు సగం పేజీలు తలకిందులుగా ఎక్కించాడు. రాత్రి పదకొండింటికి ఫోన్‌తో మేమే మళ్లీ చేసుకున్నాం.