ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే: గౌన్లు కలిసి కొనాలా, ఎవరికి వారా?

గౌన్ల ఫిట్టింగులు, ఆల్టరేషన్లు నా పని. పెళ్ళి పనులు మొదలుపెట్టిన అమ్మాయిల జంటలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇద్దరం గౌన్లే వేసుకుంటున్నాం. షాపుకి కలిసి వెళ్ళమంటారా, పెళ్ళిరోజు దాకా ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా కొనుక్కోమంటారా?" ఇప్పటిదాకా అడిగినవాళ్ళకు అడిగినంత మేర చెప్పి ఊరుకున్నాను. ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను. బడ్జెట్ ఎలా వేసుకోవాలి, ఏ ఒంటితీరుకి ఏ గౌను నప్పుతుంది లాంటివి మీరు ఈపాటికే బోలెడు చదివి ఉంటారు, వాటి జోలికి పోను.

కలిసి వెళ్ళడంలో సుఖం ఉంది. దాపరికం టెన్షన్ ఉండదు. ఇంటికొచ్చాక "నీ గౌను ఎలా ఉంది?" అంటే నీళ్ళు నమలక్కర్లేదు. రెండూ ఒకే అద్దంలో కనిపిస్తాయి కాబట్టి పొంతన కుదిరిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. పెళ్ళిరోజు ఒకరినొకరు కొత్తగా చూసుకోవాలన్న సరదా మీ ఇద్దరికీ లేకపోతే ఇంకో ఆలోచన పెట్టుకోకండి, కలిసే వెళ్ళండి. పెళ్ళికి ముందు గౌను చూడకూడదన్న పట్టింపు ఒక్క పెళ్ళికూతురున్న పెళ్ళికోసం పుట్టింది. ఇద్దరున్నచోట దాన్ని పాటిస్తారో పక్కన పెడతారో మీ ఇష్టం.

అయితే ఒక ట్రయల్‌కి షాపులు ఇచ్చే సమయం మామూలుగా గంట, మహా అయితే గంటన్నర. అది ఒక్క మనిషికి సరిపోయేలా వేసిన లెక్క. గౌను తొడిగి, లోపలి పెట్టీకోటు సర్ది, వదులుగా ఉన్నచోట వెనక క్లిప్పులు బిగించి అద్దం ముందుకు తేవడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ కాస్త సమయంలో ఇద్దరూ దూరితే ఇద్దరికీ సగం సగమే మిగులుతుంది. కాబట్టి ఫోన్ చేసినప్పుడే "ఇద్దరం పెళ్ళికూతుళ్ళమే, ఇద్దరికీ గౌన్లు కావాలి, రెండు స్లాట్లు ఇవ్వండి, చూపించడానికి ఇద్దరు మనుషులుండాలి" అని విడమరిచి చెప్పండి. అవతలివాళ్ళు తడబడకుండా తేదీ అడిగితే సగం పని అయినట్టే. బుకింగ్ ఫారంలో వరుడి పేరు అడిగే గడి ఇంకా చాలాచోట్ల ఉంటుంది, అది పాత ఫారం కావచ్చు, దానికే షాపుని కొట్టిపారేయకండి. కానీ లోపలికి వెళ్ళాక "మీలో అసలు పెళ్ళికూతురు ఎవరండీ?" అని రెండోసారి కూడా అడిగితే మాత్రం బయటికొచ్చేయండి. గంటన్నరసేపు మీ ఒంటిమీద చెయ్యి వేసి గౌను సర్దాల్సిన మనిషి ఆవిడ.

కలిసి వెళ్ళడంలో నాకు కనిపించే అసలు చిక్కు వేరే. ఒకరు గౌను వేసుకుని అద్దం ముందు పీట ఎక్కుతారు. రెండోవాళ్ళు ఎదురుగా సోఫాలో ఉంటారు. ఎక్కినమ్మాయి చూపు ముందు అద్దం మీదికి పోదు, సోఫా వైపు పోతుంది. అక్కడ కనుబొమ ఏమాత్రం ముడిపడినా గౌను విప్పేయడానికి వీపు తిప్పేస్తుంది, అద్దంలోకి సరిగ్గా చూసుకోకుండానే. ఆ ముడి బాగోలేదని కూడా కాకపోవచ్చు, వెలుతురుకి కళ్ళు చిట్లించి ఉండొచ్చు. పైగా ఒకరికి త్వరగా నచ్చేసి రెండోవాళ్ళకి ఎంతకీ నచ్చకపోతే, "నావల్ల నువ్వు కూర్చోవాల్సి వస్తోంది" అన్న మొహమాటంతో ఏదో ఒకదానికి ఊ అనేస్తారు. అలా ఊ అన్న గౌన్లు నా దగ్గరికి ఆల్టరేషన్‌కి వస్తాయి. మెడ మార్చమంటారు, తర్వాత చేతులు మార్చమంటారు. అసలు మార్చాల్సింది గౌనునే అని తెలుస్తూనే ఉంటుంది.

అందుకే నా మొగ్గు విడివిడిగా కొనడం వైపే. ఎవరి పక్కన వాళ్ళ అమ్మో అక్కో స్నేహితురాలో ఒక్కరుంటే చాలు, పటాలం వద్దు. తనకేం కావాలో ఎవరికి వారు తీరిగ్గా తేల్చుకుంటారు. పెళ్ళిరోజు మొదటిసారి ఎదురుపడినప్పుడు ఇద్దరూ చూసేవాళ్ళే, ఇద్దరూ చూపించుకునేవాళ్ళే. ఒకరే గౌను వేసుకునే పెళ్ళిలో అది కుదరదు.

కానీ ఒక్క షరతు. గౌను దాచుకోండి, రంగు మాత్రం దాచకండి. నన్నడిగితే కలిసా విడిగానా అన్న ప్రశ్న కన్నా ఇదే పెద్దది. చాలామంది ఆలోచించనిది కూడా ఇదే.

విడిగా చూస్తే ప్రతి తెల్లగౌనూ తెల్లగానే ఉంటుంది. పక్కన సూటు ఉంటే ఆ తెలుపు ఏ తెలుపని ఎవరూ అడగరు. రెండు తెల్లగౌన్లు పక్కపక్కన నిలబడినప్పుడే అసలు బండారం బయటపడుతుంది. ఒకటి నీలి ఛాయ తెలుపు, ఇంకొకటి ఐవరీ, అంటే కాస్త పసుపు కలిసిన దంతపు తెలుపు అయితే, ఐవరీ గౌను పాతబడి మాసినదానిలా కనిపిస్తుంది. ఆ గౌను ఎంత ఖరీదైనదైనా, ఎంత మంచి పట్టుదైనా సరే. ఫొటోల్లో అయితే మరీను. కెమెరా ఒక్క తెలుపునే లెక్కలోకి తీసుకుని మిగతా రంగులు సర్దుతుంది, ఒక గౌనుని తెల్లగా చూపిస్తే రెండోది పసుపు తేలుతుంది, దాన్ని తెల్లగా చేయబోతే మొదటిది నీలం కొడుతుంది.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే కొనేటప్పుడు జాగ్రత్త పడొచ్చు. అసలు పట్టు ఎప్పుడూ ధగధగలాడే తెలుపు కాదు. తెల్లగౌను మోజు ఊపందుకున్నదే 1840లో విక్టోరియా రాణి పెళ్ళితో అంటారు. ఆవిడ వేసుకున్న పట్టు శాటిన్ గౌను కూడా క్రీమ్ ఛాయదే. ఇప్పుడు మనం చూసే మిరుమిట్లు తెలుపు ఎక్కువగా పాలిస్టర్‌ది. బట్టలో కలిపే ఒక రకం రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలికాంతిగా బయటికి వదులుతాయి, అందుకే అది అంత తెల్లగా మెరుస్తుంది. షాపులోని ఎల్ఈడీ దీపాల్లో చాలావాటికి ఆ కిరణాలు దాదాపు ఉండవు. కాబట్టి లోపల ఇంచుమించు ఒకేలా అనిపించిన రెండు బట్టలు ఎండలోకి వెళ్ళగానే విడిపోతాయి. మీ పెళ్ళి ఆరుబయట, పగటిపూట అయితే షాపు వెలుతురుని అస్సలు నమ్మకండి.

పేర్లని కూడా నమ్మొద్దు. ఒక కంపెనీ ఐవరీ ఇంకో కంపెనీ ఐవరీ ఒకటి కావు. ఒకే ఐవరీలో కూడా శాటిన్ వెలుగుని తిప్పికొట్టి తెల్లగా కనిపిస్తుంది, మెరుపు లేని క్రేప్ బట్ట ఆ వెలుగుని మింగేసి ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. లేసు కింద లైనింగ్ ఏ రంగుదో దాన్నిబట్టి పైరంగు మారిపోతుంది. పోనీ షాపులో వేలాడుతున్న గౌనునే చూసి రంగు గుర్తుపెట్టుకుందామంటే, ఆ శాంపిల్ ఎంతమంది ఒంటిమీద ఎక్కి దిగిందో, ఎన్నాళ్ళు దీపాల కింద ఉందో. మీకు కుట్టి వచ్చే కొత్త గౌను దానికన్నా తేటగా ఉంటుంది.

కాబట్టి ఆర్డర్ ఖాయం చేసే ముందు గౌనుకి వాడే బట్టా, లైనింగూ రెండిటి ముక్కలూ అడిగి తీసుకోండి. ఇద్దరి ముక్కల్నీ పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. పక్కన ప్రింటర్‌లో పెట్టే తెల్లకాగితం ఒకటి ఉంచండి. దాంట్లోనూ సాధారణంగా అలాంటి రసాయనాలే కలుపుతారు కాబట్టి ఏ ముక్క కాగితంతో కలిసిపోతోందో, ఏది పసుపు తేలుతోందో ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత సాయంత్రం దీపాల వెలుగులో ఇంకోసారి చూడండి. రెండుచోట్లా కుదిరితేనే కుదిరినట్టు.

మరీ పట్టుగా ఒకే రంగు రావాలనేం లేదు. ఒకరు తెలుపు, ఒకరు షాంపేన్ రంగో లేత గులాబీయో అయితే కావాలని చేసినట్టు ఉంటుంది, అందంగా కూడా ఉంటుంది. కలిస్తే పూర్తిగా కలవాలి, లేదా దూరం నుంచే తేడా తెలియాలి. ఆ రెండిటికీ మధ్య అటూ ఇటూ కాకుండా ఉన్నదే ఇబ్బంది, పంటి కింద రాయిలా ప్రతి ఫొటోలోనూ తగులుతూనే ఉంటుంది.

రంగుముక్కలు చూసుకుంటే ఆశ్చర్యం పోతుందని కొందరి భయం. గుడ్డముక్క చూసి గౌను ఊహించడం ఎవరి తరమూ కాదు. అంత కూడా వద్దనుకుంటే ఇద్దరి గౌన్లూ చూసే మూడో మనిషి ఒకరిని పెట్టుకోండి. ఇద్దరూ ఒకే షాపులో వేర్వేరు రోజుల్లో చూసుకుంటే ఆ పని అక్కడి అమ్మాయే చేస్తుంది, నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఇదే. షాపులు వేరైతే ఒక నమ్మకమైన స్నేహితురాలు చాలు. ఆవిడ "కుదిరింది", "కుదరలేదు" అన్న రెండు మాటలు తప్ప మూడో మాట అనకూడదు. "ఓహో, నీది కూడా చేతుల్లేనిదేనా" అనేసే స్నేహితురాలికి ఈ పని అప్పగించకండి.

ఆ మూడో మనిషికి ఇంకో పని కూడా ఉంది: గౌన్ల వెడల్పు చూడటం. ఇద్దరూ తెలియకుండా బాల్‌గౌన్లే ఎంచుకుంటే, అంచు దగ్గర ఒక్కోటి మీటరు దాటి విచ్చుకుంటుంది. పక్కపక్కన నిలబడి చేతులు పట్టుకోవాలంటే ఇద్దరూ ముందుకి వాలాలి. కౌగిలించుకుంటే కింద పెట్టీకోట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఒకరిది విచ్చుకున్నదైతే రెండోవాళ్ళది ఎ-లైన్ (నడుము నుంచి కిందికి A అక్షరంలా కొద్దికొద్దిగా విచ్చుకునేది) లేదా సన్నగా జారేది ఉంటే నిలబడటానికీ నడవటానికీ హాయి. వెనక జీరాడే ట్రెయిల్ సంగతీ అంతే, ఇద్దరివీ పొడవైతే నడిచేదారిలో ఒకరిది ఒకరు తొక్కుతారు. తంతు అయిపోయాక ఆ ట్రెయిల్‌ని పైకి మడిచి గుండీలకో రిబ్బన్లకో తగిలించే పని రెండు గౌన్లకీ ఉంటుంది, ఆఖరి ఫిట్టింగ్‌లో అది నేర్చుకునే మనుషులూ ఇద్దరుండాలి. ఫోన్‌లో వీడియో తీసుకోమనండి, ఆ గుండీలు ఎక్కడున్నాయో నాకే ఒక్కోసారి వెంటనే దొరకవు.

ఇక ఆర్డర్ ఇచ్చి చేయించుకోవడమా, తయారుగా ఉన్నది తెచ్చుకోవడమా, దర్జీ దగ్గర కుట్టించుకోవడమా అంటే, ఇద్దరు పెళ్ళికూతుళ్ళున్నచోట నా ఓటు కుట్టించుకోవడానికే. బట్ట ఒకే తాను నుంచి తీస్తే రంగు గొడవ మొదట్లోనే తీరిపోతుంది. ఒకే తాను నుంచి ఒకరికి పొడవు చేతులు, ఇంకొకరికి వెడల్పు మెడ వచ్చినా చూసేవాళ్ళకి జోడీ అని తెలుస్తుంది, ఒకేలా ఉన్నాయని అనిపించదు. మంచి దర్జీ దొరకడమే కష్టం, నమూనా గుడ్డతో ముందు ఒక ఫిట్టింగ్ చేయనివాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఆర్డర్ గౌన్లయితే రావడానికి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది నెలలు, ఆపైన ఆల్టరేషన్లకి ఇంకో రెండు నెలలు. ఇద్దరివీ వేర్వేరు కంపెనీలైతే ఎక్కువ టైం పట్టేదాన్నిబట్టి లెక్క వేసుకోండి. ఒకే కంపెనీ అయితే రెండూ ఒకేసారి ఆర్డర్ పెట్టి ఒకే విడత బట్టలోంచి కుట్టమని అడగండి, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

షాపులో తయారుగా ఉన్న శాంపిల్ గౌన్లు టైం లేనివాళ్ళకి బాగుంటాయి, బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయడం కన్నా వదులుగా ఉన్నదాన్ని బిగించడం తేలిక కాబట్టి ఒక సైజు పెద్దదే తీసుకోండి. అద్దె గౌన్లలో రంగు కలపడం అదృష్టం మీద ఆధారపడింది. ఆన్‌లైన్‌లో తెప్పించేవాటి రంగు స్క్రీన్ మీద చూసి తేల్చలేం, వాపసు తీసుకుంటారంటేనే కొనండి. ఇద్దరూ అచ్చంగా ఒకే గౌను వేసుకోవడం మీకు సరదాగా ఉంటే వేసుకోండి, నాకైతే యూనిఫాం గుర్తొస్తుంది. ఒకరు గౌను, ఒకరు సూటు అనుకుంటే సూటు లోపలి చొక్కాకి కూడా ఈ తెలుపు పరీక్ష పెట్టండి, అంతే.

విడిగా కొన్నవాళ్ళు ఆఖర్న ఇబ్బంది పడేది ఒకచోట. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, గౌను జిప్ బ్యాగులో వచ్చేస్తుంది, బీరువా ఒక్కటే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే పెళ్ళికి రెండ్రోజుల ముందు దాకా గౌను మీ దగ్గరే ఉంచుతారా అని షాపునో దర్జీనో అడిగి పెట్టుకోండి. నేనైతే ఉంచుతాను, కాకపోతే ఇద్దరి బ్యాగుల మీదా పెద్దక్షరాలతో పేర్లు రాసి ఇస్తేనే.