సైడ్‌మౌంట్ సిలిండర్ అడుగు హుక్కు: వెనక రైలుకా, జరిగే డీ-రింగ్‌కా?

బరంపురంలో రైలెక్కి విశాఖ వెళ్ళి స్కూబా నేర్చుకుని, ఇప్పుడు సైడ్‌మౌంట్ (సిలిండర్లను వీపు మీద కాకుండా రెండు పక్కలా తగిలించుకునే పద్ధతి) హార్నెస్, అంటే ఒంటికి కట్టుకునే బెల్టుల సెట్టు, కొందామనుకునేవాళ్ళు రంగు, కంపెనీ చూసే ముందు ఒకటి తేల్చుకోవాలి. సిలిండర్ అడుగు హుక్కు ఎక్కడ తగిలిస్తారు? నడుం వెనక కదలకుండా ఉండే స్టీలు కడ్డీకా (దీన్నే రైలు అంటారు), బెల్టు మీద ముందుకూ వెనక్కూ జరిపే డీ ఆకారపు రింగుకా? పై భాగంలో పెద్ద తేడా ఉండదు. వీపు మీదుగా వచ్చే బంజీ తాడు వాల్వును చంక కిందికి లాగి పట్టుకుంటుంది. తేడా అంతా అడుగు వైపే.

మనకు అద్దెకు దొరికేవి ఎక్కువగా 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్లే. 200 బార్ నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. ఆ గాలి బరువే రెండున్నర కిలోల పైన. అందుకే దిగేటప్పుడు ఉప్పునీటిలో అరకిలో పైచిలుకు కిందికి లాగిన సిలిండరే, ఖాళీ అయ్యేసరికి రెండు కిలోల దాకా పైకి తేలుతుంది. పైన వాల్వు బరువుంది, బంజీ పట్టుంది. కాబట్టి లేచేది అడుగే. అది నడుం పైకి లేచి నీటికి అడ్డుపడితే, ఈదడానికి కాళ్ళు రెట్టింపు కష్టపడాలి.

నడుం వెనక ఉండే బట్ ప్లేటు అనే పలకకు బిగించిన స్టీలు రైలు గట్టిది, కదలదు, చూడకుండానే చేతికి తగులుతుంది. చివరిదాకా బరువుండే స్టీలు సిలిండర్లకు ఇంతకన్నా మంచిది లేదు. అల్యూమినియంతోనే చిక్కు. డైవ్ మధ్యలో హుక్కు ఊడదీసి, నడుం ముందున్న డీ-రింగ్‌కు మార్చాలి. స్విమ్మింగ్ పూల్‌లో తేలికే. మసక నీళ్ళలో, ఒక చేత్తో టార్చి పట్టుకుని చేయాలంటే మాత్రం టెన్షనే.

జరిగే డీ-రింగ్‌లో హుక్కు తీసే పనే లేదు. గాలి సగానికి వచ్చాక రింగును బెల్టు మీద ముందుకు తోస్తే చాలు, సిలిండర్ దిగి పక్కటెముకల వెంట ఒంటికి సమంగా వస్తుంది. రింగు మరీ బిగుతైతే జరగదు, వదులైతే దానంతటదే వెనక్కి పోతుంది. కొనేముందు బెల్టుకెక్కించి, తడిపి చూడండి.

అడుగున కిలో సీసం కట్టేవాళ్ళూ ఉన్నారు. చివర్లో పనిచేస్తుంది గానీ, మొదట్లో అడుగు వేలాడుతుంది. నాకు నచ్చదు.

అల్యూమినియం వాడేవాళ్ళకు నా ఓటు జరిగే రింగుకే. ఒక్కచోట మాత్రం రైలే మేలు. బరంపురం పక్కనున్న గోపాలపూర్‌లో కెరటాలు విరిగే తీరు చూస్తే, ఒడ్డు నుంచి సిలిండర్లు తగిలించుకుని నడిచిపోవడం కుదరని పని. ఫైబర్ బోటులో కెరటాలు దాటి, నీళ్ళలోకి దూకాక పైనుంచి అందుకోవాలి. "ముందు ఎడమదివ్వనా బాబూ, కుడిదివ్వనా?" అని బోటాయన అడుగుతుంటాడు, మీరేమో అలల మీద ఊగుతుంటారు. సిలిండర్ మెడ దగ్గరి హుక్కు ఛాతీ రింగుకు, తర్వాత అడుగు హుక్కు, ఆఖర్న వాల్వుకు బంజీ. ఆ రెండోదానికి జరిగే రింగు ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే రెండు రింగులూ ఒకే చోటికి లాగిపెట్టుకుని దూకండి.

ఏది కొన్నా, అడుగు హుక్కును పట్టి ఉంచేలా సిలిండర్‌కు చుట్టే బ్యాండు సరిగ్గా ఉండాలి. వాల్వు చంక దాటి ముందుకొస్తే బ్యాండును రెండు వేళ్ళ మేర వాల్వు వైపు జరపండి, వెనక్కి పోతే అడుగు వైపు. అద్దె సిలిండర్ ప్రతిసారీ మారుతుంది గనక, అడుగు నుంచి బ్యాండు దాకా ఎంత దూరమో మీ జానతో కొలిచి పెట్టుకోండి.