ఎక్స్‌రే ఫిల్మా, వినైలా, ఇత్తడి రేకా: ఎయిర్ బ్రష్ స్టెన్సిల్‌కు ఏది మేలు?

1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21 యుద్ధవిమానానికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ప్లాస్టిక్ విమానం బొమ్మలు కట్టి రంగులేస్తుంటాను కాబట్టి, ఆ వారంలోనే ముగ్గురు మిత్రులు, మా బాబాయి ఒకే మాట అడిగారు: "మాకూ ఒకటి చేసిపెట్టవా?" 1/72 స్కేల్లో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, మిగ్-21 జానెడు బొమ్మ. నాలుగు బొమ్మలు, ఒక్కోదానికి ఆరు రౌండెల్స్ (వాయుసేన గుండ్రటి గుర్తులు): రెక్కల పైన రెండు, కింద రెండు, ముక్కుకు రెండు పక్కలా ఒక్కోటి. మొత్తం 24. ఒక్కోదానిలో బయట కాషాయం, లోపల తెలుపు, నడుమ ఆకుపచ్చ. అంటే 72 సార్లు పెయింట్ కొట్టాలి. తీరా చూస్తే బూడిద రంగు మీద కాషాయం మురికిగా కనబడింది. దాని కింద కూడా తెలుపు కొట్టాల్సి వచ్చి లెక్క 96కి చేరింది.

బొమ్మ కిట్‌తో వచ్చిన డెకాల్స్, అంటే అచ్చేసిన పలుచటి స్టిక్కర్లు, అంటించొచ్చు కదా అంటారేమో. నా కిట్లు పాతవి, వాటిలో డెకాల్స్ పసుపెక్కిపోయాయి. అందుకే ఎయిర్ బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం) కొట్టడానికి మళ్లీ మళ్లీ వాడుకునే స్టెన్సిల్, అంటే ఆకారం కోసిన అచ్చు, కావాల్సి వచ్చింది. మూడు రకాలూ చేసి చూశాను.

మొదట వినైల్. బండి నంబర్ ప్లేట్ల మీద అక్షరాలు అంటించే రేడియం షాపు ఏ ఊళ్లోనైనా ఉంటుంది. ప్లాటర్ (కంప్యూటర్ గీసినట్టు స్టిక్కర్ కోసే మెషీన్) మీద ఎంత చిన్న వృత్తమైనా నిమిషంలో కోసిచ్చేస్తారు. నేను తప్పు చేసింది అక్కడే. షాపులో ఉన్న వినైల్ స్టిక్కర్ షీట్ మీదే కోయించాను. అది బండికి ఏళ్ల తరబడి అతుక్కుని ఉండాల్సిన సరుకు, బొమ్మ మీద నుంచి నెమ్మదిగా వస్తుందా? పీకితే రంగుతో పాటు దాని కింది ప్రైమర్ పూత కూడా లేచొచ్చింది. రెక్క మీద గోరంత మేర తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. రెండోసారి ఓరామాస్క్ 813 షీట్ కొని పట్టుకెళ్లాను. స్టెన్సిల్ పని కోసమే చేసిన పలుచటి నీలం వినైల్ అది. జిగురు తక్కువ, హాయిగా ఊడి వస్తుంది.

ఒక్కసారికైతే వినైల్‌ను కొట్టింది లేదు. బొమ్మకు అతుక్కుని ఉంటుంది కాబట్టి అంచు కింద పెయింట్ దూరదు, వంపుల మీద కూడా ఒదుగుతుంది. కానీ 'మళ్లీ వాడుకోవచ్చు' అన్న మాటను సగమే నమ్మండి. పీకేటప్పుడు సాగుతుంది. రెండోసారి అంటించేసరికి నా వృత్తం కోడిగుడ్డయింది. జిగురుకు దుమ్ము పట్టింది. మూడోసారికి, పైన ఎండిన పెయింట్ పెచ్చులు రేగి తడి రంగులో పడింది. పోనీ తుడుద్దామంటే లాకర్ థిన్నర్‌కు వినైల్ ముడుచుకుపోతుంది. ఇంకో మాట, లేజర్ మెషీన్ ఉన్నవాళ్లు వినైల్‌ను దాని మీద కోయొద్దు. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్కే, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, మెషీన్‌కూ మంచిది కాదు.

ఇత్తడి రేకు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎక్కువ వాడలేదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను కొనేవాళ్లకు ఫెర్రిక్ క్లోరైడ్ కొత్త కాదు, సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తినేయించడానికి వాడేది అదే. ఇత్తడినీ తింటుంది. లేజర్ ప్రింట్‌ను ఇస్త్రీపెట్టెతో రేకు మీదికి దించి (ఆ నల్లరంగు అంటిన చోట ద్రావణం తినదు), వెనకవైపు టేపు వేసి, ద్రావణంలో ముంచాను. అది కిందికే కాదు, పక్కలకూ తింటుంది. గీసిన దానికన్నా రంధ్రం పెద్దదైంది. ఆ మేరకు గీసేటప్పుడే తగ్గించుకోవాలని చేశాకే తెలిసింది. బాత్రూమ్ గచ్చు మీద పడ్డ తుప్పు రంగు మరక ఇప్పటికీ పోలేదు. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది, డ్రైనేజీలో పారబోయకూడదు. ఇన్ని తిప్పలు పడితే చేతికొచ్చే స్టెన్సిల్ మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, ఏ థిన్నర్‌తోనైనా కడగొచ్చు. ఒక్కసారి కింద పడి అంచు వంగిందా, ఇక అంతే. ఆ వంపులోంచి రంగు లోపలికి దూరుతుంది. పైగా రేకు అడ్డొస్తే కింద రెక్క కనబడదు. ఒక రంగు పనికి పరవాలేదు గానీ, వృత్తంలో వృత్తం నడిమధ్యన కూర్చోవాలంటే గుడ్డిగా గురి చూసినట్టే.

ఎక్స్‌రే ఫిల్మ్ గెలిచింది అక్కడే. బీరువా మీద పెద్ద కవర్లలో పాత ఎక్స్‌రేలు లేని ఇల్లు మనలో తక్కువ. నేను వాడింది మా నాన్నగారి మోకాలు. నల్లటి పూత ఉన్న పాత రకం ఫిల్మే కావాలి. ఆ పూత జెలటిన్‌లో కలిపిన వెండి. తెల్లబట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్‌లో నానబెట్టి మెత్తటి స్పాంజితో రుద్దితే ఊడిపోయి, లేత నీలం రంగు పాలిస్టర్ షీట్ మిగులుతుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరవండి, అదే టబ్బులో టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ మాత్రం పడనివ్వకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. ఈమధ్య ప్రింటర్‌లో తీసిస్తున్న డిజిటల్ ఫిల్మ్‌ల పూత ఇంత తేలిగ్గా రాదు.

వృత్తాలు బ్లేడుతో కోయడానికి ప్రయత్నించకండి, ఎంత చెయ్యి తిరిగినా ఎక్కడో ఒకచోట మూల తేలుతుంది. బెల్టులకు రంధ్రాలు వేసే తోలు పంచ్‌ల సెట్ కొన్నాను. ముందు సూదితో ఫిల్మ్ మీద కూడిక గుర్తులాగా రెండు సన్నటి గీతలు పొడవుగా గీసి, అవి కలిసే చోట పంచ్ పెట్టి, కింద చెక్క వేసి సుత్తితో ఒక్క దెబ్బ. రెక్క మీద కూడా పెన్సిల్‌తో అలాంటి గుర్తే. ఫిల్మ్‌లోంచి కింద గీత కనబడుతుంది కాబట్టి గీత మీద గీత కలిపి, అంచులకు టేపు ముక్కలు వేస్తే సరి. పెద్ద వృత్తంతో తెలుపు, దాంతోనే కాషాయం, తర్వాత కాస్త చిన్నదానితో తెలుపు, అన్నిటికన్నా చిన్నదానితో ఆకుపచ్చ. ఉంగరం ఆకారం కోయాల్సిన పనే లేదు. గాలి ఒత్తిడి 12 పీఎస్ఐ దాటనివ్వలేదు. ఎయిర్ బ్రష్‌ను నిట్టనిలువుగా పట్టి, పలచగా మూడు విడతలు. ఏటవాలుగా కొడితే పెయింట్ అంచు కిందికి పోతుంది. ఒక్కోసారి కొట్టాక స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఫిల్మ్ తుడిచేశాను. 16 రెక్క రౌండెల్స్ అయ్యాక కూడా అంచు మొదటి రోజులాగే ఉంది.

ముక్కు దగ్గర మాత్రం ఫిల్మ్ ఓడిపోయింది. గుండ్రటి ఒంటి మీద అది పడుకోదు, మధ్యలో ఆనుకుంటే పక్కలు లేస్తాయి. ఆ ఎనిమిదింటికీ వినైలే వాడాను, ప్రతిసారీ కొత్త ముక్క. తోకకింది సీరియల్ నంబర్ల జోలికి ఏ స్టెన్సిల్‌తోనూ వెళ్లలేదు. అంత చిన్న అంకెలకు కొత్త డెకాల్స్ తెప్పించి అంటించాను.

తర్వాతి పని 1/24 లారీ, వెనక తెలుగులో పేరు రాయాలి. ఫిల్మ్‌లో 'ర' కోస్తే నడుమ గుండ్రం ఊడి కింద పడుతుంది, సున్న కూడా అంతే. ఊడకుండా సన్నటి వంతెనలు వదిలితే రైసు మిల్లు బస్తా మీద అచ్చులా ఉంటుంది. లారీకి అదీ అందమే అనిపిస్తోంది. నాన్నగారు మాత్రం ఎడమ మోకాలి ఎక్స్‌రే కూడా తనను అడక్కుండా ముట్టుకోవద్దన్నారు.