బెజవాడ ఉక్కపోతలో ఏ దారంతో అల్లాలి?

విజయవాడలో స్వెట్టర్లు అల్లుతానంటే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: ఇక్కడ వాటిని వేసుకునేదెవరు? నిజమే, రోహిణి కార్తెలో ఊలు ఉండను చూస్తేనే చెమట పడుతుంది. కానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికెళ్లే పెద్దవాళ్లకు టోపీ, శాలువా కావాలి. ఏసీ గదిలో పడుకునే పిల్లలకు పల్చటి దుప్పటి కావాలి. కెనడాలో ఉన్న తమ్ముడికి నిజంగానే స్వెట్టర్ కావాలి. అల్లడానికి పని తక్కువేం లేదు, దారం ఎంచుకోవడమే అసలు తంటా. కొన్నేళ్లుగా రకరకాల దారాలతో అల్లి, వాడి, ఉతికి చూశాక నాకు తేలిందేమిటో చెప్తాను.

మనకు సులువుగా దొరికేది యాక్రిలిక్. వన్‌టౌన్‌లో లేసులు, బటన్లు అమ్మే షాపుల్లోగానీ, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కలగానీ ఊలు కావాలని అడిగితే చాలావరకు ఇదే చేతిలో పెడతారు. పేరుకే ఊలు. గొర్రెతో దానికి ఏ సంబంధమూ లేదు, పెట్రోలియం నుంచి తీసే పోగు. అనుమానమొస్తే చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె మీద కాల్చి చూడండి. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది, అసలు ఊలు వెంట్రుక కాలిన వాసనొస్తుంది, పత్తి కాగితంలా కాలి బూడిదవుతుంది.

అలాగని యాక్రిలిక్‌ని తీసిపారేయను. మా అబ్బాయికి అల్లిన దుప్పటి వాషింగ్ మెషిన్‌లో ఎన్నిసార్లు తిరిగినా రంగు పోలేదు. చిమటలు ముట్టవు. అయితే ఒరుసుకునే చోటల్లా నూగు ఉండలు కట్టింది. ఇస్త్రీ మాత్రం పెట్టకూడదు, వేడికి అణిగి మెరుపు తేలిందంటే మళ్లీ పొంగదు. ఇక ఒంటి మీద వేసుకునే వాటికి మన ఊళ్లో ఇది పనికిరాదు. మామూలు గాలిలో పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమ పీల్చుకుంటుంది, యాక్రిలిక్ 2 శాతం లోపే. చెమట ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

మరి పత్తి దారమే మేలా? చుట్టూ గుంటూరు, పల్నాడు పత్తి చేలున్నా అల్లికకు సరిపడే లావు నూలు షాపుల్లో తక్కువ. మంగళగిరి మగ్గాల మీద వాడే 80 కౌంటు నూలు మన సూదులకు మరీ సన్నం. పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు, కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. అందుకని అల్లికకని పేనిన పత్తి దారం ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను. పాపకు చేతుల్లేని టాప్ అల్లాను. ఎండాకాలంలో అది తీసి వేరేది వేద్దామంటే ఏడుపే, అంత హాయిగా ఉంది దానికి. కానీ పత్తికి సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, పైగా బరువు. రిబ్ (సాగేలా నిలువు గీతలుగా అల్లే అల్లిక) పెట్టిన అంచు కొద్ది నెలలకే వదులైపోయింది. హ్యాంగర్‌కి తగిలిస్తే పొడుగు కూడా సాగుతుంది, మడతపెట్టి అలమరలో పెట్టాల్సిందే. కొనేటప్పుడు ఇంకోటి గమనించాలి. పత్తి సాంద్రత ఎక్కువ కాబట్టి అదే లావు దారం 100 గ్రాములు కొన్నా యాక్రిలిక్ కంటే తక్కువ మీటర్లొస్తాయి. లేబుల్ మీద గ్రాములు కాదు, మీటర్లు చూసుకోండి. లేకపోతే చివరి చెయ్యి దగ్గర దారం అయిపోతుంది, అప్పుడు వెతికితే అదే లాట్, అంటే ఒకేసారి రంగు వేసిన దారం, దొరకదు. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు ఒకే ఆర్డర్‌లో రెండు లాట్లు కలిపి పంపారు. ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన నీలం, పగటి వెలుగులో రెండు నీలాలైంది.

మెరీనో జాతి గొర్రెల మెత్తటి ఊలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అద్భుతం. తమ్ముడి స్వెట్టర్‌కి అదే వాడాను, అక్కడి చలికి అదే వేసుకుంటున్నాడు. వేడినీళ్లలో వేసి రుద్దితే ముద్దకట్టి కుంచించుకుపోతుంది, అంతే జాగ్రత్త. మనింట్లో దాచుకోవాలంటే మాత్రం చిమటల భయం, నాఫ్తలీన్ ఉండలు వేసి గాలాడకుండా మూసిపెట్టాలి. ఇక్కడ దాని ధరకు న్యాయం జరగదు.

చివరికి నేను స్థిరపడింది పత్తి, యాక్రిలిక్ కలిసిన దారం మీద. మిల్క్ కాటన్ పేరుతో నేను కొన్నదీ అలాంటిదే, పేరు చూసి మోసపోకుండా వెనక శాతాలు చదవాలి. పత్తి సగం పైన ఉంటే చెమటకు ఫర్వాలేదు, యాక్రిలిక్ వల్ల బరువు తగ్గుతుంది, ఆకారం నిలుస్తుంది. పిల్లల దుప్పట్లు, టోపీలు ఇప్పుడన్నీ దీంతోనే. నూగు కొంచెం లేస్తుంది, ఓర్చుకోవచ్చు.

సూదుల సంగతీ చెప్పాలి. ఉక్కపోత రోజుల్లో లోహపు సూదులు చెమట చేతుల్లో జారతాయి, వెదురు సూదులు ఎంతో నయం. నంబరు చూసి కొనకండి. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 8 అంటే 5. అమెరికన్ ప్యాటర్న్ చూసి మన పాత 8 నంబరు సూదితో అల్లితే అల్లింది చిన్నదైపోతుంది. మిల్లీమీటర్లే అడగండి. ముందు 10 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెట్టండి. పత్తి దారానికి ఉతకకముందు లెక్క అసలు నమ్మొద్దు.

ప్రస్తుతం సూదుల మీద ఉన్నది అమ్మ శాలువా, ఆ కలిపిన దారంతోనే, 5 మిల్లీమీటర్ల సూదుల మీద. సగం దాటింది. అంచుకి లేసు డిజైన్ వేద్దామనుకున్నా, గాజులకు చిక్కుకుంటుందని అమ్మే వద్దంది. కాబట్టి అంచంతా గార్టర్ కుట్టే, అంటే ప్రతి వరుసా ఒకే కుట్టుతో సాదాగా అల్లడమే.