దూదిపుల్లతో దొరికిన నొప్పి: నేను వెళ్లిన వల్వా (యోని బయటి భాగం) నొప్పి క్లినిక్ గురించి

రెండేళ్లు మంట పడ్డాను. బిగుతు జీన్స్ వేసుకున్నా, గంటసేపు కూర్చున్నా, టాంపన్ పెట్టుకోబోయినా యోని ద్వారం దగ్గర కోసుకుపోయి పచ్చిగా ఉన్నట్టు మంట, కానీ చూస్తే పుండు లేదు, ఎర్రదనం లేదు. అంతకుముందు వెళ్లిన చోటల్లా సరిగ్గా చూడకుండానే ఫంగల్ ఇన్ఫెక్షన్ అని క్రీమ్ రాసిచ్చారు, ఒకచోట అయితే టెన్షన్ తగ్గించుకోమ్మా అని పంపేశారు. ట్యూబు మీద ట్యూబు వాడాను. ఒక్కరు కూడా శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపలేదు.

ఈ క్లినిక్‌లో మొదటి అపాయింట్‌మెంటే 45 నిమిషాలు. డాక్టర్ గారు పరీక్ష కంటే ముందు ప్రశ్నలు అడిగారు: తాకితేనే నొప్పా, ఊరికే ఉన్నా వస్తుందా? ఒకచోటేనా, మొత్తమా? మొదటి నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా? కుర్చీలో కూర్చుంటే ఎక్కువై టాయిలెట్ సీటు మీద కూర్చుంటే తగ్గుతుందా అని కూడా అడిగారు. ఇదేం ప్రశ్న అనుకున్నాను. ప్యుడెండల్ అనే నరం నొక్కుకుపోతే అలా ఉంటుందట, నాది అలా లేదు.

తర్వాత నా చేతికి ఒక అద్దం ఇచ్చి, తడిపిన దూదిపుల్లతో తొడ దగ్గర నుంచి మొదలుపెట్టి, బయటి పెదవుల మీదుగా లోపలి అంచు దాకా గడియారం ముల్లులా ఒక్కోచోట మెల్లగా తాకుతూ సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగారు. పన్నెండు దగ్గర సున్నా. ఐదు దగ్గర పుల్ల ఆనీ ఆనకముందే నడుము పైకి లేచిపోయింది, ఎనిమిది అన్నాను. ఆవిడ కాగితం మీద గుండ్రంగా గీసి ఆ చోట 8 అని రాశారు. నా నొప్పిని అలా కాగితం మీద చూడగానే ఏడుపు వచ్చేసింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

నాకు నచ్చిందేమిటంటే, పేరు పెట్టే ముందు మిగతావన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. ఫంగస్‌కి కల్చర్, అంటే శాంపిల్ తీసి ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, చేయించారు. హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పుండ్లు ఉన్నాయేమో, చర్మం తెల్లగా పలచబడే లైకెన్ స్క్లెరోసస్ ఏమైనా ఉందేమో చూశారు. మెనోపాజ్‌లో, పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ తగ్గినా అక్కడ పొడిబారి ఇలాంటి మంటే వస్తుందట. ఇవేవీ లేకుండా మూడు నెలలకు మించి నొప్పి ఉంటే దాన్ని వల్వోడీనియా అంటారని, ఇది అంటురోగం కాదు, క్యాన్సర్ కాదు అని చెప్పారు. దీనికి ఒకే కారణం ఉండదట. అక్కడి నరాలు అతిగా స్పందించడం, మళ్లీ మళ్లీ వచ్చిన ఇన్ఫెక్షన్లు, హార్మోన్లు, బిగుసుకుపోయిన కటి కండరాలు, ఒక్కొక్కరిలో ఒక్కో కలయిక.

నాకు కండరాలే పెద్ద సమస్య. వీడియోలు చూసి రోజూ కటి కండరాలను బిగించి వదిలే కీగల్ వ్యాయామాలు చేసేదాన్ని, అసలే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించుకుంటున్నానని ఫిజియోథెరపిస్ట్ చెప్పేదాకా తెలియలేదు. ఊపిరి తీసుకుంటూ వాటిని వదులు చేయడం ఆవిడ ఎంతో ఓపికగా నేర్పించారు. సెంటు సబ్బులు, పాత క్రీములు మాన్పించారు. పూతకు తిమ్మిరెక్కించే లిడోకైన్ ఆయింట్‌మెంట్, రాత్రికి తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అది డిప్రెషన్‌కి కూడా వాడే మందే అయినా, మీకు ఇస్తున్నది నరాల నొప్పికి అని విడమరిచి చెప్పారు. పొద్దున్న మత్తుగా ఉంటుందని మాత్రం చెప్పలేదు, మొదటి రోజు లేవలేకపోయాను.

లోపాలు ఇంకా ఉన్నాయి. వచ్చే ముందు క్రీములు ఆపమని ఫోన్‌లో చెప్పకపోవడంతో కల్చర్ కోసం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఫిజియో అపాయింట్‌మెంట్ మూడు వారాలకోసారే దొరికేది. అన్నిటికంటే బాధ పెట్టింది రిసెప్షన్. పదిమంది కూర్చున్న హాల్లో "మీ సమస్య ఏంటండీ?" అని గట్టిగా అడిగారు. ఇలాంటి నొప్పితో గడప దాకా రావడానికే ధైర్యం కావాలి, అక్కడ నోరు పెగలక వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఎందరో.

నాలుగు నెలల తర్వాత అదే దూదిపుల్ల, అదే ఐదు దగ్గర, ఈసారి మూడు. పూర్తిగా పోలేదు, కానీ గంటసేపు కూర్చోగలుగుతున్నాను. డాక్టర్‌కీ ఫిజియోకీ ఐదుకి ఐదు, క్లినిక్ మొత్తానికి నాలుగు. రిసెప్షన్‌లో ఒక కాగితం, పెన్ను పెట్టి సమస్య రాసిమ్మంటే ఆ ఒక్క మార్కూ ఇచ్చేస్తాను.